చావు వేషాల నెహెమ్యా

చావమంటే సరే అనడం నెహెమ్యాకు అలవాటు. అందుకే సాహితి వచ్చి, ఎదురుగా బండమీద కూర్చుని, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "తాతా, ముగింపు మార్చినాం. మీరు ఇంటికి పోరు. ఈడనే, ఈ గుండ్ల కాడనే తుపాకీ దెబ్బ తగిలి పడిపోతారు" అని చెప్పినప్పుడు, ఆయన్ను అడగకుండానే ఆయన నోరు "సరేమ్మా" అనేసింది. కడపలో పుట్టి, హైదరాబాదులో సినిమా చదువు చదువుకుని, మొదటి సినిమా తీసుకుంటున్న పిల్ల. సినిమా కోసం కొండ కింద వేసిన ఇల్లు మొన్నటి గాలివానకు ఎగిరిపోయింది, మళ్ళీ వేసే వ్యవధి లేదు. మాట మార్చాల్సి వచ్చినందుకు మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది, ముసలాయన సరే అనేసరికి బరువు దించుకున్నట్టు లేచి కెమెరా వైపు వెళ్ళిపోయింది. ఆమె అంత దూరం పోయాకగానీ నెహెమ్యాకు లోపల కలుక్కుమనలేదు. పొద్దు ఇంకా బారెడు దిగాలి. ఎదురుగా ఉన్న పెద్ద గుండు నెత్తిన అది ఆనుకున్నప్పుడు, రాళ్ళన్నీ ఎర్రబడినప్పుడు, ఆ కాస్త వెలుగులో ఒక్కటే షాటు. రేపు ఈ కెమెరా వేరేవాళ్ళది, గుర్రం కర్నూల్లో పెళ్ళికి పోవాలి. అంతదాకా ఆయన చేయాల్సిన పని కూర్చోవడమే. సినిమా పనిలో నూటికి తొంభై పాళ్ళు కూర్చోవడమేనని ఆయనకు చెప్పనక్కర్లేదు.

కూర్చున్నాడు గానీ కుదురు లేదు. ఈ పిల్ల తన ఇంటికి వచ్చిన రోజే మనసులో తిరుగుతోంది. కల్లూరులో షేర్ ఆటో దిగి, పాత కౌబాయ్ పిచ్చర్లలో గుర్రం మీద నుంచి పడే నెహెమ్యా ఇల్లు ఏదని వీధి వీధంతా అడిగిందట. అలాంటి మనిషే లేడన్నారు. చివరికి ఎవరో, బండల ఫ్యాక్టరీ వాచ్‌మన్ తాతనా, ఆ మాట ముందే అనొచ్చు గదా అని చూపించారు. వచ్చి, నులకమంచం మీద కూర్చుని, కథంతా చెప్పింది. కథ ఎవరికి కావాలి? ఆయన అడిగింది ఒక్కటే మాట. "నేను సస్తానామ్మా ఇందులో?" ఆ పిల్ల నవ్వి, "లేదు తాతా, గుర్రాన్ని కట్టేసి, తలుపు తట్టి, ఇంట్లోకి పోతారు. ఆడికి సినిమా అయిపోతాది" అంది. ఎవరి గొంతో పెట్టరు, మీ మాటే, మీ యాసే ఉంటుంది అని కూడా అంది. ఆమె వెళ్ళాక నెహెమ్యా గోడమీది పెళ్ళాం విశ్వాసమ్మ ఫోటో ముందు నిలబడ్డాడు. వాళ్ళ సంఘంలో ఫోటోలకు దండాలు పెట్టరు. ఆయనా పెట్టలేదు, ఊరికే చెప్పాడు, ఏమే, ఇందులో బతికే వస్తాండా అని. చెప్పేశాడు, అదీ వచ్చిన చిక్కు. బతికున్న మనిషికి చెప్పిన మాటైతే కాళ్ళు పట్టుకుని వెనక్కి తీసుకోవచ్చు.

ఈ రాళ్ళేమో ఏమీ మారలేదు, అందుకు కూడా ఆయనకు కొంచెం కోపంగానే ఉంది. ఎడమవైపు ఒరిగి ఉన్న ఆ గుండు సందులోంచే మొట్టమొదట కెమెరా ముందు గుర్రాన్ని దౌడు తీయించాడు, అప్పుడు ఇరవై రెండో ఇరవై మూడో. మద్రాసు నుంచి కంపెనీ దిగింది, గుర్రమెక్కేవాళ్ళు కావాలట అని కోడుమూరు సంతలో విన్నాడు. గుర్రం తనకు తెలియనిదా? తండ్రి గాబ్రియేలు, ఊళ్ళో భూస్వామి దేవేంద్రప్ప ఇంట్లో గుర్రం చాకిరీ చేసేవాడు, మేత, మాలీసు, నీళ్ళు. దాన్ని వంకకు తోలుకుపోయి కడిగే పని నెహెమ్యాది. కడిగాక జీను లేని వీపు మీదికెక్కి ఇసుకలో చక్కర్లు కొట్టేవాడు, ఊరి పొలిమేర రాగానే దిగి పగ్గం పట్టుకుని నడిచేవాడు. దిగమని ఎవరూ ఏనాడూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోయినా పుట్టినప్పటి నుంచి తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. గుర్రానికి కూడా తెలుసు, అక్కడికి రాగానే అదే నిలబడిపోయేది. అలాంటిది, కంపెనీవాళ్ళు నెత్తిన టోపీ పెట్టి, కాళ్ళకు బూట్లు తొడిగి, నడుముకు కట్టె తుపాకీ వేలాడదీసి, పో, ఊరి నడిబజార్లో దౌడు తీయించుకుంటూ పో అన్నారు. చెక్కలతో అట్టలతో వేసిన ఊరు. అందులో బ్యాంకు ఉంది, సారా అంగడి ఉంది, జైలు ఉంది, శిలువ పెట్టిన చర్చి కూడా ఉంది, ఊరి బయట తమవాళ్ళుండే పల్లె మాత్రం వేరుగా లేదు. దిగాల్సిన పొలిమేర ఎక్కడా అని మొదటిరోజు ఆయన కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి. పొలిమేర లేని ఊరు, తండ్రి పేరు అడగని బజారు, రెండు పక్కలా నిలబడి నోళ్ళు తెరుచుకుని చూసే జనం, వాళ్ళూ కూలికి వచ్చినవాళ్ళే అనుకోండి. పిచ్చరు అయిపోగానే ఆ ఊరిని పీకి లారీల్లో వేసుకుపోయారు. డెబ్భై అయిదు దాటినా ఆ దౌడు సుఖం తొడల్లో ఇంకా ఉంది. దానికి ఒక్కటే షరతు, బజారు చివరికి రాగానే చావాలి.

చచ్చాడు. చావడంలో అతన్ని మించినవాడు లేడని మద్రాసు కోడంబాకం స్టూడియోల్లో చెప్పుకునేదాకా చచ్చాడు. పడే చోట నేల తవ్వి, ఊక పోసి, పైన మన్ను చల్లి ఉంచేవాళ్ళు. తుపాకీ శబ్దం వినగానే చెయ్యి ఎదకు పోవాలి, తల వెనక్కి వాలాలి, కాలు రికాబులోంచి ముందే తప్పించి ఉంచుకోవాలి, లేదంటే గుర్రం ఈడ్చుకుపోతుంది, అప్పుడది వేషం కాదు. పొద్దున మీసంతో చచ్చేవాడు, మధ్యాహ్నం మీసం పీకి, చొక్కా మార్చి ఇంకొకడిగా చచ్చేవాడు. ఒక పిచ్చర్లో మూడోసారి పడ్డప్పుడు హీరో తుపాకీ దించి, వీణ్ణి ఇందాకే చంపినట్టున్నానే అన్నాడు, అందరూ నవ్వారు, నెహెమ్యా కూడా పడ్డచోటనే నవ్వాడు. గొంతు ఆయనది ఉంచేవాళ్ళు కాదు. నోరు ఆడించేది ఈయన, మాట ఇంకెవరిదో, నున్నగా, నాజూగ్గా, గోదావరి పక్కనుంచి వచ్చినట్టు ఉండేది. కానీ ప్రతి చావు తర్వాతా ఇంకో పని ఉండేది, అది మాత్రం ఆయనకు ఇష్టం. కెమెరాను ఆపేవాళ్ళు కాదు. చచ్చినవాడు లేచి, దుమ్ము దులుపుకుని, కెమెరాలోకి చూసి ఒక నవ్వు నవ్వాలి. చావు మీద ఫిల్ము ఆగితే ఆ మనిషికి అరిష్టమని పాతకాలపు కెమెరామన్ల పట్టింపు. క్రైస్తవుడివి, నీకెందుకయ్యా అనేవాళ్ళు కొందరు. నాకెందుకైతే మీకు మాత్రం ఎందుకు అని నవ్వేవాడు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు విశ్వాసమ్మకు ఆ సంగతి చెబితే ఆమె చెరుగుతున్న చేట ఆపింది.

"ఆ నవ్వులన్నీ యాడ పెట్నారు?"

"యాడ పెడతారు, కత్తిరించి పారేస్తారు."

"సచ్చేవి పెట్టుకుని నవ్వేవి పారేస్తారా?" అంది, మళ్ళీ చేట అందుకుంది.

విశ్వాసమ్మ అట్లాంటి మనిషి, సగం మాట అని సగం లోపల పెట్టుకునేది. కోసిగి వైపు పల్లె వాళ్ళది. కరువు వచ్చిన ఏడాది సేద్యం పనులకు కుటుంబమంతా కోడుమూరు వస్తే, చర్చిలో పాట ఎత్తుకున్న ఆ గొంతు విని నెహెమ్యా పడిపోయాడు. అది మాత్రం ఎవరూ తీయని షాటు. సినిమా చూడటం పాపమని సంఘ పెద్దలు గట్టిగా చెప్పే రోజులు. మొగుడు అందులో వేషాలు కడుతుంటే పెళ్ళాం ఎట్లా చూడకుండా ఉంటుంది? కొంగు నెత్తిన కప్పుకుని, పక్కింటామెను తోడు తీసుకుని, కోడుమూరు టూరింగ్ టాకీసుకు పోయింది. తెరమీద టోపీ పెట్టుకుని గుర్రం మీద వస్తున్న మొగుణ్ణి చూసి పక్కామె చెయ్యి గిల్లిందట. అంతలోనే ఢామ్మని శబ్దం, నెహెమ్యా వెనక్కి విరుచుకుని పడటం, విశ్వాసమ్మ కెవ్వుమని లేచి నిలబడటం, గుడారం గుడారమంతా తెర వదిలేసి ఆమెను చూడటం. ఆ తర్వాత ప్రతి పిచ్చరుకూ పోయింది, పోయేముందు మాత్రం ఆయన్ను అడిగేది, ఇందులో ఎంతసేపటికి సస్తావు అని. ఆయన చెప్పేవాడు, బ్యాంకు దోపిడీ అయ్యాక అనో, రెండో పాట తర్వాత అనో. ఆ గుర్తు రాగానే లేచి బయటికి పోయి, బొరుగుల బండి దగ్గర నిలబడి, లోపల శబ్దాలు అణిగాక మళ్ళీ వచ్చి కూర్చునేది. నీ సావు తప్ప అంతా చూసినా అనేది గొప్పగా. గుర్రం ఎక్కడం చూసింది, దుండగుల గుంపులో వెనక నిలబడి రొట్టె తినడం చూసింది, ఒకదాంట్లో కోడిని పట్టుకోవడానికి పరిగెత్తితే నెలరోజులు ఇంట్లో అదే చెప్పుకుని నవ్వింది. మళ్ళీ మద్రాసు రైలు ఎక్కించే రోజు మాత్రం సంచి అందిస్తూ ఒకే మాట అనేది. "ఏమయ్యా, ఒక్క పిచ్చర్లో అన్నా బతికి ఇంటికి రాగూడదా నువ్వు?" ఆయన నవ్వేసేవాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, డైరెక్టరు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అడుగుదామని. డైరెక్టరు తల ఎత్తి, ఏం కావాలి అన్నాడు. ఏమీ లేదు సార్ అని వచ్చేశాడు.

"అన్నా, టీ." గుర్రం తోలుకొచ్చిన మస్తాన్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక తెల్లగుర్రం, నుదుటి మీద నిన్నటి పెళ్ళి జరీ పోగు ఇంకా వేలాడుతోంది. "ఏందట్ల కూర్చున్నావు, ఒంట్లో బాగలేదా?"

"బాగుండాది. సావాలంట."

"ఎవురు?"

"నేనే."

మస్తాన్ పక్కన గొంతుక్కూర్చుని బీడీ తీశాడు. "ఉత్తుత్తి సావే గదన్నా. పడి లేచేది. నీకేం కొత్తనా?"

"కొత్త కాదులే," అన్నాడు నెహెమ్యా, టీ ఊదుకుంటూ.

కొత్త కాదు, అదే బాధ. జనానికి కౌబాయ్ పిచ్చర్ల మీద మొహం మొత్తింది, కంపెనీలు గుర్రాలను అమ్మేశాయి, గుర్రాల వెనకే ఆయనా వచ్చేశాడు. కూలికి పోయాడు, ఆ తర్వాత కల్లూరులో బండల ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. బుద్ధి మర్చిపోయినా ఒళ్ళు మర్చిపోలేదు. ఒక క్రిస్మసు ఆరాధన విడిచాక చర్చి ఆవరణలో పిల్లలు టపాకాయ కాల్చితే నెహెమ్యా చెయ్యి ఎదకు పోయింది, తల వెనక్కి వాలింది, మనిషి కొత్త చొక్కాతో సహా మట్టిలో పడ్డాడు. పాస్టరు గారు పరుగెత్తుకొచ్చి నెత్తిన చేతులుంచి ప్రార్థన మొదలుపెట్టారు. ఆమెన్ అనేలోపే ఈయన లేచి దులుపుకుని అందరి వైపూ చూసి నవ్వాడు. ఊరంతా పొట్టలు పట్టుకుంది. విశ్వాసమ్మ ఒక్కతే నవ్వలేదు, దగ్గరికి వచ్చి చొక్కా గుండీ పెట్టి, ఇంటికి పోదాం పా అంది.

అంత చావు తెలిసినవాడు, ఆమె పోతుంటే గుర్తుపట్టలేకపోయాడు. మూడేళ్ళ కిందట, మిట్టమధ్యాహ్నం, కందులు చెరుగుతూ గోడకు ఆనుకుంది. అలసిపోయినట్టుంది అనుకుని ఆయన చేట తీసి పక్కన పెట్టాడు. గింజలు పోగు చేశాడు. కొంగు సర్దాడు. చెయ్యి ఎదకు పోలేదు, తల వెనక్కి వాలలేదు, ఒక్క శబ్దం లేదు, ఇన్నేళ్ళూ తను చూపించింది ఒక్కటీ ఆమె చేయలేదు, ఆయనకు ఎట్లా తెలుస్తుంది? టీ పెట్టి తెచ్చి, లేమే, తాగు అని రెండుసార్లు పిలిచాడు. తను ముప్పై నలభై సార్లు రిహార్సలు చేసి పెట్టుకున్నదాన్ని ఆమె ఒక్కసారికే చేసేసింది. అప్పటి నుంచి ఇంట్లో ప్రతి పని చేస్తూ ఆయనకు ఒకటే కోరిక, ఆమె ముందు ఒక్కసారి తలుపు తోసుకుని లోపలికి పోవాలని. రోజూ పోతూనే ఉన్నాడు, తాళం తీసి. అది కాదు ఆయన అడిగేది. లోపలినుంచి గడియ తీసే చప్పుడు కావాలి, ఇంతసేపు చేసినావేందయ్యా అనే ఆ సణుగుడు కావాలి. ఇంత చిన్న దానికోసం మనిషి ఇంతగా కాలిపోతాడని ఎవరైనా చెబితే వయసులో నవ్వి ఉండేవాడు.

పొద్దు రంగు మారింది. నెహెమ్యా లేచి, మోకాళ్ళు పట్టుకుని కాసేపు నిలబడి, సాహితి దగ్గరికి నడిచాడు. ఆమె మనుషుల చేత నేలమీద పరుపు పరిపించి పైన ఎర్రమన్ను చల్లిస్తోంది. ఊక కాలం పోయింది.

"ఏం తాతా?"

ఏమీ లేదమ్మా అనబోయాడు. నోరు అప్పటికే ఆ మాటకు తయారుగా ఉంది. దాన్ని ఆపి, "ఇంటికి పోయేటిది ఏమన్నా కుదురుతాదా అమ్మా?" అన్నాడు.

"ఇల్లే లేదు గదా తాతా."

"ఇల్లు కనపడకున్నా పోవచ్చు గదా."

సాహితి ఆయన కాలరుకు చిన్న మైకు తగిలిస్తూ ఒక క్షణం ఆగింది. ఆ కళ్ళలో జాలి ఉంది, నిద్రలేని ఎరుపు ఉంది, దిగిపోతున్న పొద్దు భయమూ ఉంది. "నాకూ అదే ఇష్టం ఉండె తాతా. కానీ ఇంటికి పోతా ఉన్నాడని జనాలకు ఎట్ల తెలుస్తాది? పడిపోతే తెలుస్తాది. ఏడుస్తారు. పరుపు మెత్తగా ఉండాది, భయపడొద్దండి." ఆయన తల ఊపాడు. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఎంత కష్టపడుతోందో చూస్తూనే ఉన్నాడు. పడదాంలే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. పడి, రాత్రికి ఇంటికి పోయి, ఫోటో వైపు చూడకుండా దీపం ఆర్పుకుందాం.

గుండు సందులో గుర్రం పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. రాళ్ళు ఎర్రబడ్డాయి. పరుపు ఉన్న చోటికి పదడుగులు కూడా లేవు. ఎక్కడో ఆ పిల్ల గొంతు నడవమంది, నడిచాడు. ఎడమ మోకాలు నొప్పి పెడుతోంది, గుర్రం ఊపిరి మెడమీద వెచ్చగా తగులుతోంది, ఈ ఊపిరే, వంకలో కడిగిన ఆ గుర్రానిదీ ఇంతే వెచ్చగా ఉండేది. మన్ను కింద పరుపు అంచు కంటికి తెలుస్తోంది, అదిగో, ఇంకొంచెం, అక్కడే. బండ వెనక టపాకాయ పేలింది. పెళ్ళిళ్ళలో వంద చూసిన గుర్రం చెవి కూడా కదిలించలేదు. నెహెమ్యా చెయ్యి మాత్రం ఎదకు లేచింది. తల వెనక్కి పోయింది, మోకాళ్ళు సడలాయి, ఆకాశం ఒక్కసారి కనపడింది, యాభై ఏళ్ళుగా ఒళ్ళు నేర్చుకున్నదంతా కిందికి లాగింది. అరచేతి కింద గుండె కొట్టుకుంటోంది. గట్టిగా, మొండిగా, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు. కొట్టుకుంటోంది గదా, ఇంకా ఎందుకు పడాలి అనిపించింది, అంతే, అంతకంటే పెద్ద ఆలోచన ఏమీ రాలేదు. పగ్గం బిగించి పట్టుకుని గుర్రం మెడకు ఆనుకుని నిలదొక్కుకున్నాడు. తల ముందుకు వచ్చింది. ఎదమీది చెయ్యి పైకి పోయి చొక్కా గుండీ పెట్టుకుంది, ఇంటి దగ్గరికి వచ్చిన మగవాడు పెట్టుకున్నట్టు.

పరుపు దాటాడు. కాలి కింద మెత్తదనం పోయి గట్టినేల తగిలింది. కెమెరా ఉన్న పక్కకు చూడలేదు. కట్ అనే మాట చెవిన పడేదాకా ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు, పనిలో మొదటిరోజు నేర్చుకున్నది అదే. ఆ మాట ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకుంటూ నడిచాడు. ఆ పిల్ల తిడుతుందేమో, ఏడుస్తుందేమో, తిట్టనీ, తర్వాత కాళ్ళు పట్టుకుంటాడు. చివరి గుండు దాటితే వాలు, వాలు కింద ఎండిన చేను, చేనులో గాలికి ఎగిరిపోయిన ఇంటి గుంజల గుంతలు నాలుగు, వాటిమీద చివరి ఎండ. గుర్రం వెనకే వస్తోంది. వెనకనుంచి ఏ మాటా లేదు. గుంతల ముందుకు వచ్చి, కాలి దుమ్ము విదిల్చుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, తలుపు తియ్యి," అన్నాడు నెహెమ్యా. "బతికే వచ్చినా."